కారులో ఎడమవైపు సప్పుడు

మా కారు 2010 మోడల్ వ్యాగన్ ఆర్. మామయ్య ఇష్టపడి కొనుక్కున్నది. ఆయన పోయాక అమ్మేద్దామని రెండుసార్లు అనుకుని, మనసొప్పక ఆగిపోయాం. 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ ఇంకో 5 ఏళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి కదా. అందుకని ముందరి షాక్ అబ్జార్బర్లు, కింద ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు మార్పించాం. 9,200 రూపాయలైంది.

బండి ఇంటికొచ్చిన రోజే మా సందు మలుపులో చిన్న గుంతలో దిగగానే ఎడమవైపు ‘టక్’మన్నది.

"విన్నారా?" అన్నాను.

"పాత బండి. ఏదో ఒకటి మోగుతనే ఉంటది" అన్నారు మా ఆయన.

మర్నాడు అత్తమ్మను గుడికి తీసుకెళ్లాం. మోకాళ్ల నొప్పులని ఆమె ఎప్పుడూ ముందు సీట్లోనే కూర్చుంటుంది. చెవులు కొంచెం మందం. అలాంటిది, చెరువుకట్ట వైపు వెళ్తుంటే "బిడ్డా, నా కాళ్ల కింద ఏందో కొడుతున్నది" అన్నది. ఇంటికొచ్చాక నెమ్మదిగా, "మీ మామ ఉన్నప్పుడు ఇది గిట్ల సప్పుడు చేయకపోయేది" అని కళ్లు తుడుచుకుంది.

గ్యారేజీకి మళ్లీ వెళ్లాం. అతను బండిని మెయిన్ రోడ్డు మీద జోరుగా ఒక రౌండ్ కొట్టుకొచ్చి, "ఏం లేదు మేడం, మీకు అనుమానం" అన్నాడు. నున్నటి రోడ్డు మీద నిజంగానే సప్పుడు రాదు. ఇంక మా ఆయన కూడా నన్ను ఆటపట్టించడం మొదలుపెట్టారు.

అసలు చిక్కు గురువారం వచ్చింది. అత్తమ్మకు శుక్లాల ఆపరేషన్ అయి నెల అయింది, ఎల్బీనగర్‌లో చూపించాలి. "కన్ను మంచిగనే ఉన్నది, నేను రాను" అని మొండికేసింది. బస్సు ఎక్కలేదు, కారంటే భయం పట్టుకుంది. అప్పుడు నాకు కోపం వచ్చింది. కుక్కర్ ఆవిరి ఎక్కడ పోతున్నదో, మిక్సీలో ఏ జార్ తేడాగా తిరుగుతున్నదో వంటింట్లోంచే చెప్పేస్తాం. రోజూ కూర్చునే కారు సంగతి మాత్రం మనకు అనుమానమా?

ముందు డిక్కీ ఖాళీ చేశాను. జాకీ, పానాలు, సీటు కింద దొర్లే స్టీలు నీళ్ల బాటిల్ అన్నీ తీసేశాను. అయినా సప్పుడు పోలేదు. తర్వాత పాల లెక్క పుస్తకంలో వెనక పేజీ తీసి నాలుగు రోజులు రాశాను. చిన్న గుంతల మీద మెల్లగా పోతే వస్తుంది. పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద ఒక్కసారే ‘టక్’. జోరు మీద రాదు. బండి ఆపి స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మంచం స్ప్రింగులా ‘టంగ్’మంటుంది. అన్నీ ఎడమవైపే.

ఆ కాగితం పట్టుకుని సాగర్ రోడ్డు మీద రేకుల షెడ్డులో ఉండే ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్లాం. చదివి, "అక్కా, మీరే సగం పని చేసుకొచ్చిన్రు" అన్నాడు. బ్రేకు మెల్లగా తొక్కిపట్టి గుంతల మీద పోనిచ్చి చూశాడు. అప్పుడు సప్పుడు ఆగితే బ్రేకు ప్యాడ్ల వైపు చూడాలట. ఆగలేదు. బానెట్ తెరిచి, ఎడమ షాక్ అబ్జార్బర్ పైభాగం మీద నా అరచెయ్యి పెట్టమని, మా ఆయనను స్టీరింగ్ తిప్పమన్నాడు. చేతి కింద ‘టక్’మని తగిలింది. కుడివైపు పెట్టి చూస్తే ఏమీ లేదు.

పైన నట్టు సరిగ్గా బిగించలేదు, అంతే! పది నిమిషాల పని. "ఇట్లనే తిప్పితే పైన మౌంటు, బేరింగు ఖరాబైతుండె" అన్నాడు. రబ్బరు బుష్‌ల బోల్టులు కూడా వదులు చేసి మళ్లీ బిగించాడు. బండి గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దించాక రబ్బరు మెలిపడి తొందరగా పాడవుతుందట. చక్రాలు నేల మీద ఆని, బండి బరువు పడ్డాకే వాటిని గట్టిగా బిగించాలట.

మీ బండి కూడా రిపేరు తర్వాత మోగితే, "సప్పుడు వస్తోంది" అని ఊరుకోకండి. ఎప్పుడు, ఎక్కడ, ఎంత వేగంలో అని రాసుకెళ్లండి. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని సప్పుడు వచ్చే రోడ్డు మీదికే తీసుకెళ్లండి.

మరుసటి గురువారం అత్తమ్మ భయపడుతూనే ఎక్కింది. బొంగుళూరు దాటేదాకా కాళ్లు ముడుచుకుని కూర్చుంది. డాక్టరు కన్ను బాగుందన్నారు. తిరిగి వచ్చేటప్పుడు తుర్కయంజాల్ రాకముందే నిద్రపోయింది. మా ఆయన అద్దంలో నా వైపు చూసి పాటల సౌండ్ తగ్గించారు.

"ఏమన్నా వినపడుతున్నదా?" అన్నారు.

ఈసారి వేళాకోళం లేదు. ఒక నిమిషం విని, "లేదు" అన్నాను.