బాడుగింట్లో కరెంటు కారు

అక్కా, ఓ మాట. మీ మిద్దె మీద పోర్షను అడగొచ్చిన టీచరమ్మకు కరెంటు కారుందని ఇల్లు ఇయ్యనన్నారంట కదా? మంచి మనుషుల్ని వదులుకోవద్దక్కా.

వైర్లు కాలిపోతాయనే కదా మీ భయం? కారుతో ఇచ్చే మామూలు చార్జరు 15 ఆంప్స్ సాకెట్‌కు పెట్టేదే. గంటకు సుమారు 3 యూనిట్లు లాగుతుంది. గీజరు కాసేపటికి ఆగిపోతుంది, ఇది గంటల తరబడి లాగుతుంది. పాత వైరు, వదులు సాకెట్ అంతసేపు తట్టుకోలేవు. అందుకే పైనుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు వేలాడదీయనియ్యొద్దు. మీటరు దగ్గర్నుంచి కారు నిలిపే చోటికి 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరుతో వేరే లైను లాగించి, దానికో ఎంసీబీ పెట్టించండి. ఎర్తు సరిగా లేకుంటే చాలా కార్లు చార్జింగే ఎక్కించుకోవు, అదీ చూడమనండి. బిల్లు మీద లోడు ఒకటో రెండో కిలోవాట్లే ఉంటే పెంచమని కరెంటాఫీసులో అర్జీ పెట్టాల.

ఇంక బిల్లు సంగతి. ఆయమ్మ రోజూ మన పలమనేరు నుంచి చిత్తూరుకు పోయొస్తుందంట. పోనురాను 80 కిలోమీటర్లకు తక్కువుండదు. పోయేటప్పుడు మొగిలి ఘాటు దిగుతూ బ్రేకుల్లోనే కొంత చార్జింగ్ తిరిగొస్తుంది. వచ్చేటప్పుడు ఎక్కాల కాబట్టి ఎక్కువ తింటుంది. యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు వేసుకున్నా రోజుకు 12, 13 యూనిట్లు, నెలకు 300 అవుతాయి. మన స్లాబుల్లో 225 దాటినాక యూనిట్ 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. అంతా మీ మీటరులోనే కలిస్తే నెలనెలా గొడవే. సబ్‌మీటరైనా పెట్టించాల, లేదంటే కారుకే వేరే కనెక్షన్ తీసుకోవాల.

వేరే కనెక్షన్ ఇస్తారా అంటారా? ఇంటి కనెక్షన్‌తోనే కారుకు చార్జింగ్ పెట్టుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరిలోనే చెప్పింది. కారు చార్జింగ్‌కు వేరే కనెక్షన్ అడగొచ్చని 2024లో రూల్సు మార్చింది. మన పలమనేరులాంటి మున్సిపాలిటీల్లో కొత్త కనెక్షన్ 7 రోజుల్లో ఇయ్యాలని కూడా వాటిల్లోనే ఉంది. ఎట్ల చేసినా ఇల్లు మీది, మీరు ఒప్పుకోందే ఆయమ్మ ఏమీ చేయలేదు.

ఖర్చు పెట్టుకునేదానికి ఆయమ్మ వెనకాడదులే. 8.75 లెక్కనే కట్టినా 300 యూనిట్లకు 2,625 రూపాయలు. అదే దూరం పెట్రోలు కారులో తిరిగితే దానికి నాలుగింతలు పైనే పోతుంది. లైను ఖర్చు ఎవరిది, కరెంటు డబ్బు ఎప్పుడియ్యాల, ఖాళీ చేసేటప్పుడు ఆ లైను ఎవరికి పోతుంది, ఈ మూడూ అగ్రిమెంటులో రాయించండి.

ఈ ఊర్లో రేపు బాడుగకొచ్చే వాళ్లలో ఇట్లాంటి కార్లోళ్లు ఇంకా పెరుగుతారు. ఒకసారి వేయించిన లైను ఆ తర్వాత వచ్చే వాళ్లకూ పనికొస్తుంది. సాయంత్రం లోపల ఆయమ్మకు ఫోన్ చేసి రమ్మనండక్కా.