పెనాంగ్‌లో పది రోజులు: కాపురానికి తగిన ఊరి కోసం

ఒకప్పుడు మన తెలుగు ముస్లిం కుటుంబాలలో విదేశమంటే గల్ఫ్ అనియే అర్థం. ఏ ఊరిలో ఉండాలో నిర్ణయించేది యజమాని. వెళ్ళేవానికి ఎంపిక ఉండేది కాదు. ఇప్పుడు కొందరు యువకుల స్థితి వేరు. వారు ఏ సంస్థకూ జీతగాళ్ళు కారు. ఒప్పందంపై పని తీసుకొని, ల్యాప్‌టాప్ మీద పూర్తి చేసి, ప్రతిఫలం పుచ్చుకుంటారు. వీరినే ఫ్రీలాన్సర్లు అంటున్నారు. పనికి ఊరితో నిమిత్తం లేదు గనుక ఊరిని వారే ఎంచుకోవచ్చు. వినడానికి గొప్ప స్వేచ్ఛయే. మా మేనల్లుని విషయంలో మాత్రం అది మూడు నెలల పాటు ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేసింది.

అతనిది నంద్యాల. లండన్‌లోని రెండు కంపెనీలకు సాఫ్ట్‌వేర్ పని చేసి ఇస్తాడు. ఇంట్లో భార్య, నాలుగేళ్ళ కుమార్తె, తల్లి ఉన్నారు. తల్లి అంటే మా ఆపా. భర్తను పోగొట్టుకొని ఆరేళ్ళయింది. “గదిలో ఒంటరిగా కూర్చుని పని చేసీ చేసీ విసుగొచ్చింది మామూ, నా రంగంలో మాట్లాడుకొనడానికి ఇక్కడ మనిషి లేడు” అన్నది అతని బాధ. అది అబద్ధం కాదు. ఆపా బాధ కూడా అబద్ధం కాదు. ఆమెకు మోకాళ్ళు పట్టేశాయి, మేడ మెట్లు ఎక్కలేరు.

మొదట అందరూ దుబాయి అన్నారు. దూరంగా పని చేసుకొనేవారికి అక్కడ ఏడాది నివాసం ఇచ్చే పథకం 2020లోనే మొదలైంది. వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు, హైదరాబాదు నుంచి నాలుగు గంటల విమానం. అయితే నెలకు 3,500 డాలర్ల ఆదాయం చూపాలి. మా మేనల్లునికి సగటున 2,600 వస్తుంది. ఆ చర్చ అక్కడితో ఆగిపోయింది.

మిత్రుడొకడు ఎస్తోనియా దేశాన్ని సూచించాడు. 2020లో ఈ రకం వీసాను ముందుగా తెచ్చిన దేశాలలో అదొకటి. మేము పటం తెరిచి అక్షాంశం చూచాము: టాలిన్ నగరం 59 డిగ్రీల ఉత్తరాన ఉన్నది. జూన్‌లో అక్కడ సూర్యుడు రాత్రి పదిన్నర దాటాక అస్తమించి, నాలుగింటికే మళ్ళీ ఉదయిస్తాడు. సంధ్యాకాంతి పూర్తిగా పోదు. మరి ఇషా వేళ ఎప్పుడు? మా విద్యార్థులకు ఇది పాత పాఠమే. వోల్గా తీరంలోని బుల్గార్ ప్రజల విషయంలో హనఫీ పండితులు ఈ ప్రశ్నను శతాబ్దాల క్రితమే సుదీర్ఘంగా చర్చించారు. మార్గం లేకపోలేదు. అయినా నాలుగేళ్ళ పిల్లకు పగలూ రాత్రీ నేర్పవలసిన వయసులో కోరి అక్కడికి పోనవసరం లేదని మా అభిప్రాయం.

అప్పుడు మలేషియా పేరు వచ్చింది. ఆ దేశం 2022లో ‘డీఈ రంతావ్’ అనే పాస్‌ను ప్రారంభించింది. మూడు నుంచి పన్నెండు నెలల వరకు ఇస్తారు. తరువాత మరో పన్నెండు నెలలకు పొడిగించుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ వంటి రంగాలవారు ఏడాదికి 24,000 డాలర్ల ఆదాయం చూపితే చాలు. భార్యాబిడ్డలను తీసుకువెళ్ళవచ్చు. ఈ నియమాలు మారుతూ ఉంటాయి గనుక అధికారిక ప్రకటన చూడకుండా ఎవరూ టికెట్ కొనరాదు.

షాబాన్ మాసంలో మదర్సాకు సెలవులు రాగానే అతనితో కలిసి మేమూ బయలుదేరాము. కౌలాలంపూరులో ఒక రాత్రి ఉండి, రైలులో బటర్‌వర్త్ చేరి, అక్కడ ఫెర్రీ ఎక్కి పెనాంగ్ ద్వీపంలోని జార్జ్‌టౌన్‌లో దిగాము.

పాత పట్టణం 2008 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నది. ఒకే వీధిలో నడుస్తూ పోతే చర్చి, చీనీయుల గుడి, కాస్త పక్కగా మారియమ్మన్ కోవెల, ఆపై కపితాన్ కెలింగ్ మసీదు వస్తాయి. ఈ మసీదును 19వ శతాబ్ది ఆరంభంలో భారతీయ ముస్లిం వర్తకులు స్థాపించారు. ‘కెలింగ్’ అన్న మాట మన ‘కళింగ’ నుంచి వచ్చినదే. తూర్పు తీరం నుంచి ఓడలెక్కిన వారందరికీ ఆ పేరు పడింది. నేడు మనుషులను ఆ మాటతో పిలిస్తే అవమానంగా భావిస్తారు. మసీదు పేరుగానే అది గౌరవంగా మిగిలింది. అక్కడికి దగ్గరలోనే అచే వీధి మసీదు. ఓడల కాలంలో హజ్ యాత్రికులు అక్కడ గుమిగూడి, ఓడ కోసం ఎదురుచూచేవారు.

భోజనానికి లోటు లేదు. భారతీయ ముస్లింల ‘నాసి కందార్’ ఆ ఊరి పేరెన్నికగన్న వంటకం. ‘కందార్’ అంటే భుజాన కావడి మోయడం. ఒకప్పుడు అన్నమూ కూరలూ కావడిలో మోసుకు తిరిగి అమ్మేవారు. పది పన్నెండు రింగిట్‌లకు, అనగా మన రెండు వందల రూపాయల పైచిలుకుకు, కడుపు నిండుతుంది. పులుసు రుచి మాత్రం మన నాలుకకు కొంచెం తీపి.

వేళల విషయమే మాకు ముఖ్యంగా తోచింది. మలేషియా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. సూర్యుడు అంత ముందు లేడు. అందుచేత ఫజ్ర్ ఆరు దాటాక, జుహర్ ఒకటిన్నరకు, మగ్రిబ్ ఏడున్నరకు వస్తాయి. భూమధ్యరేఖకు దగ్గర గనుక ఏడాది పొడవునా పెద్ద మార్పు లేదు. చలికాలంలో లండన్‌లో ఉదయం తొమ్మిదంటే అక్కడ సాయంత్రం ఐదు. అనగా పగలంతా కుటుంబానిది. పని సాయంత్రం మొదలై అర్ధరాత్రి దాటుతుంది. పాపను నిద్రపుచ్చే వేళకే తండ్రి పనిలో ఉంటాడు. మేనల్లుడు దీనిని లాభమన్నాడు. అతని భార్య ఫోనులో విని మౌనంగా ఉండిపోయింది. ఇక అక్కడివారు షాఫయీలు. అసర్ అజాన్ మన లెక్క కంటే సుమారు గంట ముందే వినిపిస్తుంది. అందుకు కంగారు పడనక్కరలేదు, జమాఅత్‌తో చదువుకోవచ్చునని చెప్పాము.

భారతీయులు 2023 డిసెంబరు నుంచి వీసా లేకుండా 30 రోజులు అక్కడ ఉండవచ్చు. మేము దిగిన బసలో కొందరు కుర్రవాళ్ళు ఇలా సందర్శకులుగా వచ్చి పని చేసుకుంటూ, గడువు తీరేసరికి థాయిలాండ్ సరిహద్దు దాటి మళ్ళీ వస్తున్నారు. పాస్ ఖర్చు ఎందుకని మేనల్లునికి సలహా కూడా ఇచ్చారు. పాస్‌పోర్టుపై వేసే ముద్ర ఒక ఒడంబడిక. చూడడానికి వచ్చామని చెప్పి సంపాదించడం ఆ ఒడంబడికను తప్పడమే, అటువంటి సంపాదనతో ఇల్లు నడపవద్దని గట్టిగా చెప్పాము. అతడు వాదించలేదు.

పిల్లల చదువు దగ్గర లెక్క తప్పింది. విదేశీయుల పిల్లలకు ఎక్కువగా అంతర్జాతీయ పాఠశాలలే దిక్కు; మేము అడిగిన రెండు చోట్లా ఫీజు ఇంటద్దెను మించి ఉన్నది. ఇప్పుడు నాలుగేళ్ళు గనుక ఒక ఏడాది ఇంట్లో చదివించవచ్చు. తరువాత? పాస్ ఎంత పొడిగించినా రెండేళ్ళే.

తిరిగి వచ్చాక మూడు రాత్రులు మాట్లాడుకున్నారు. చివరకు ఆరు నెలల లోపు గడువుకే దరఖాస్తు చేయాలని, నంద్యాల ఇల్లు ఖాళీ చేయరాదని నిశ్చయమైంది. ఏ దేశంలోనైనా 182 రోజులు దాటితే పన్ను లెక్క మారే అవకాశం ఉన్నందున ఆడిటరును కూడా అడిగారు. ఆపా ఒక నెల సందర్శకురాలిగా వెళ్ళి ఉంటారు. మిగిలిన కాలం కర్నూలులోని కుమార్తె ఇంట ఉంటారు. మోకాలి శస్త్రచికిత్స మాత్రం కొడుకు ఊరిలో ఉండగానే జరగాలని ఆమె పట్టుపట్టారు. దానికి రంజాన్ తరువాత తేదీ ఇచ్చారు. ఆమె పాస్‌పోర్టుకు పోలీసు విచారణ ఇంకా కావలసి ఉన్నది.