కిరీటం విప్పని పిట్ట

ఇన్‌స్టాలో ఈ పిట్ట ఫొటో మీకూ ఎప్పుడో ఒకప్పుడు కనిపించే ఉంటుంది. తల మీద విసనకర్రలా విచ్చుకున్న ఎర్రటి తురాయి, దాని మీద నీలం చుక్కలు. పేరు రాయల్ ఫ్లైక్యాచర్. మెక్సికో నుంచి అమెజాన్ దాకా ఉన్న అడవులే దాని ఇల్లు. మే నెలలో కోస్టారికా వెళ్లినప్పుడు, దీని కోసమే కరారా నేషనల్ పార్కుకి ఒక పూట పెట్టుకున్నా.

రాజధాని శాన్ హోసె నుంచి పసిఫిక్ తీరం వైపు కారులో దాదాపు రెండు గంటలు. దారిలో టార్కోలెస్ వంతెన మీద అందరూ ఆగుతారు. కిందికి చూస్తే ఒడ్డున ఎండలో పడుకున్న మొసళ్లు! అది దాటాక కాసేపటికే కరారా. ఎండు అడవి, వాన అడవి కలిసే చోటు కావడంతో రెండింటి పక్షులూ ఇక్కడ దొరుకుతాయి.

వాగు దగ్గర గైడ్ ఆగి పైకి చూపించాడు. కొమ్మకు వేలాడుతున్న ఎండుటాకుల చెత్త అనుకున్నా. అదే గూడు! మన గిజిగాడి గూడులా నీటి మీద వేలాడుతుంది, పొడవు 2 మీటర్ల దాకా ఉండొచ్చు. పాములకూ, కోతులకూ అందకుండా ఈ ఏర్పాటు. గుడ్లు పొదిగేది ఆడపిట్టే.

ఇంతలో పిట్ట వచ్చింది. మట్టిరంగు ఒళ్లు, పొడవాటి ముక్కు. తురాయి వెనక్కి మడుచుకుని ఉండటంతో తల అచ్చం సుత్తిలా ఉంది.

‘ఎప్పుడు విప్పుతుంది?’ అని అడిగా. గైడ్ నవ్వాడు. జత కట్టేటప్పుడో, ఈకలు సర్దుకునేటప్పుడో అరుదుగా విప్పుతుందట. మనం చూసే క్లోజప్ ఫొటోల్లో చాలావరకు, పరిశోధకులు కాలికి రింగు తొడగడానికి సన్నటి వలలో పట్టినప్పుడు తీసినవే. చేతిలో చిక్కగానే తురాయి విప్పి, నోరు తెరిచి, తలను నెమ్మదిగా అటూ ఇటూ ఊపుతుంది. మనం లైక్ కొడుతున్న ఆ అందం, అది శత్రువు చేతిలో పడ్డాననుకుని చేసే బెదిరింపు కావచ్చు.

ఆ మాట విన్నాక తురాయి విప్పకపోతేనే బాగుండుననిపించింది. అది ఓ తూనీగను పట్టుకుని గూటి వైపు వెళ్లిపోయింది. దాని పనిలో అది ఉంది. అడవిలో నిశ్చింతగా ఉన్న రాయల్ ఫ్లైక్యాచర్ ఇలాగే ఉంటుంది.

మీరూ వెళితే పొద్దున్నే వెళ్లండి, బైనాక్యులర్స్ మరవొద్దు. ఫోన్లో పక్షి కూతలు పెట్టి పిలవకండి. గూటికి దూరంగా నిలబడండి. కిరీటం కనిపించకపోయినా టికెట్ డబ్బులు వృథా కావు.