మరక పడ్డ చోటు

నాయిన పోయిన ఏడాదికి ఆయన బుల్లెట్టు నా చేతికొచ్చింది. ఎవరో ఇస్తే రాలేదు. తమ్ముడు అమ్మేద్దామన్నాడు, అమ్మ ఒప్పుకోలేదు. మోత్కూర్‌లో మా ఇంటి వసారాలో ఆ బండి దుమ్ము పట్టిపోతుంటే, సెలవులకు వెళ్ళిన నేను తాళంచెవి తీసి సంచిలో వేసుకున్నాను. సాహిత్యంలో డాక్టరేటు చేసిన ముప్పై అయిదేళ్ళ ఆడదాన్ని. మా ఇంటి తాళంచెవిని మా ఇంట్లో తీసుకుంటూ దొంగతనం చేస్తున్నట్టు ఎందుకనిపించిందో తర్వాత చాలా రోజులు ఆలోచించాను.

అది 1980ల నాటి బండి. పోత ఇనుప ఇంజను, గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. చిన్నప్పుడు ఆదివారాలు నాకూ తమ్ముడికీ చెరో పని ఉండేది. వాడు నాయిన పక్కన కూర్చుని పానాలు అందించేవాడు. నేను బండి తుడిచి, నాయిన చేతులు కడుక్కోవడానికి నీళ్ళూ సబ్బుపొడీ తెచ్చేదాన్ని. "నీకెందుకు" అని ఆయన ఎన్నడూ అనలేదు. అనాల్సిన అవసరమే రాలేదు. నిషేధాల మీద మనం చాలా రాశాం. ఎవరూ నిషేధించకుండానే మనకు అందకుండా పోయిన విషయాల గురించి రాయడం కష్టం, వాటికి సాక్ష్యం ఉండదు.

బండి నడపడం నేర్చుకున్న రెండో వారం ఇంజను నుంచి ఆయిల్ కారడం మొదలైంది. కింద కాయితం పరిచి, మరకను చూస్తూ కూర్చున్నాను. అమ్మ చీపురుతో వచ్చి ఒకసారి వంగి చూసింది.

"ఎడమ దిక్కు పడితే చైను డబ్బాది బిడ్డా. ఇది కుడి దిక్కు, ముందట. పైన రబ్బరు పైపులున్నయి చూడు, ఆడికెల్లి దిగుతుంది. ఇంజను కాగినంక ఎక్కువైతది."

నేను నోరు తెరిచాను. "నీకెట్ల తెలుసమ్మా?"

"ముప్పై ఏండ్లు గచ్చు కడిగింది ఎవరు మరి?"

నాయిన బండిని పైనుంచి చూసేవాడు, అమ్మ కిందనుంచి చూసింది. ఏ మరక ఎక్కడ పడితే ఏ భాగం చెడిందో ఆమెకు లెక్క ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివి పెరిగినదాన్ని నేను. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ మాటల్లోనే వాళ్ళ అనుభవాన్ని నమోదు చేసిన పుస్తకం అది. ఆ పద్ధతి గురించి సెమినార్లలో మాట్లాడాను. మా అమ్మను మాత్రం అడగలేదు.

అమ్మ చెప్పినట్టే ఉంది. ఈ రకం బుల్లెట్‌లో ఆయిల్ పంపులు కుడివైపు మూత కింద ఉంటాయి. అక్కడి నుంచి సన్నటి పైపులు బయటి నుంచే పైకెళ్ళి, వాల్వులను నొక్కే రాకర్లకు నూనె అందిస్తాయి. పైపుల రబ్బరు ఎండి, బిగింపు దగ్గర వెంట్రుకల్లాంటి పగుళ్ళు పడ్డాయి.

బజార్లో మెకానిక్ నా మాట సగం విని, "తమ్మున్ని పంపు అక్కా, ఆయనకు చెప్తా" అన్నాడు. నేనే చేయిస్తానంటే పారదర్శకంగా ఉన్న పెట్రోలు పైపు ముక్క కోసి, క్లిప్పులు బిగించి ఇచ్చాడు. పది రోజులకే అది క్లిప్పు దగ్గర పగిలి కాలు మీద వేడి నూనె చిమ్మింది. అదే వెనక టైరు మీద పడి ఉంటే బండి జారేది. ఆయన్ని మోసగాడు అనలేను. ఏది పెట్టినా నాకు తేడా తెలియదనుకున్నాడు. నిజానికి తెలియదు కూడా.

అందుకే నేర్చుకోవడం మొదలుపెట్టాను. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో గొట్టాలమ్మే దుకాణాల్లో ఒక పూటంతా తిరిగాను. పైకి అన్నీ నల్లగానే ఉంటాయి. కారు రేడియేటర్ గొట్టాలకు వాడే ఈపీడీఎం రబ్బరు వేడినీటిని ఏళ్ళ తరబడి భరిస్తుంది కానీ, ఇంజన్ ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. నైట్రైల్ రబ్బరు నూనెను తట్టుకుంటుంది. స్టీలు తీగ అల్లిన గొట్టం అన్నిటికన్నా గట్టిది, చూడటానికీ బాగుంటుంది. కానీ ఇంజను అదురుకు ఆ అల్లిక ఆనుకున్న ప్రతి భాగాన్నీ రాస్తూ అరగదీస్తుంది, లోపల ఏమవుతోందో కనిపించనివ్వదు. "ఏ సైజు?" అని అడిగిన దుకాణదారుడిని "లోపలి రబ్బరు ఏది?" అని తిరిగి అడిగినప్పుడు, మొదటిసారి ఆయన తలెత్తి నా ముఖం చూశాడు.

లోపలి వ్యాసం కూడా ముఖ్యమే. బయటికి కారేది కంటికి కనిపిస్తుంది. లోపల ఇరుకైతే రాకర్లకు నూనె అందక అరుగుతాయి, చప్పుడు వినిపించేసరికి ఆలస్యమైపోతుంది. ఒక చిన్న రంధ్రం కొలత మీద ఇంత ఆధారపడుతుందా అని చదువుతుంటే బియాట్రిస్ షిల్లింగ్ (1909-1990) తారసపడింది. ఇంగ్లండులో ఇంజనీరు. బ్రూక్‌లాండ్స్ పందెపు బాటలో నార్టన్ మోటారుసైకిల్‌ను గంటకు వంద మైళ్ళు దాటించింది. యుద్ధకాలంలో విమానం ముక్కు కిందికి వంచితే మెర్లిన్ ఇంజన్లు ఆగిపోతుంటే, 1941లో ఇంధనం దారిలో పెట్టే ఒక చిన్న రంధ్రపు బిళ్ళతో ఆ ఇబ్బందిని చాలావరకు తగ్గించింది. ఆ బిళ్ళకు ఆమె పేరు చేర్చి ద్వంద్వార్థపు మాట ఒకటి ప్రచారంలోకి తెచ్చారు. ప్రాణాలు కాపాడిన కొలతకు దక్కిన గౌరవం అది. ఆ పేరు చదివి నేనూ ముందు నవ్వాను, తర్వాత సిగ్గుపడ్డాను.

చివరికి పాత నమూనాలోనే, లోపల నైట్రైల్, మధ్యలో నూలు అల్లిక ఉన్న గొట్టాలు ఎంచుకున్నాను. ఈ దారిలో ఒత్తిడి పెద్దగా ఉండదు. కావలసింది వేడినీ నూనెనూ ఓర్చుకోవడం, అదురుకు కొంచెం వదులు ఉండటం. బోల్టుల రంధ్రాల్లో ఇరుక్కున్న పాత రబ్బరు పొడిని సూదితో తీశాను. రాగి వాషర్లు కొత్తవి వేశాను. అమ్మ టార్చి పట్టుకుంది. పైబోల్టును కాస్త వదులు చేసి ఇంజను తిప్పాను. కాసేపటికి అంచు దగ్గర నూనె చెమ్మగా మెరిసింది. పైదాకా చేరిందన్న మాట. బోల్టు బిగించి ఇద్దరం అక్కడే కూలబడ్డాం. నాయిన ఉంటే ఏమనేవాడో అని నాకు అనిపించింది. అమ్మ ఆ మాటే ఎత్తలేదు. "ఎక్కియ్యి, భువనగిరి దాకా పోయొద్దాం" అంది.

పోయొచ్చాం. రాత్రి బండి కింద తెల్ల కాయితం పరిచాను. పొద్దున లేచేసరికి అమ్మ దాని ముందు కూర్చుని ఉంది. కాయితం మీద ఒకే ఒక్క చుక్క ఉంది. నా ముఖం వాడిపోవడం చూసి తల అడ్డంగా ఊపింది.

"నీ పైపులది కాదు. ఇది ఎడమ దిక్కుది."

నేను నోటుపుస్తకం తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నాను.