ధైర్యం చెప్పే ముందు

ధైర్యం చెప్పడం మనవాళ్ళకు బాగా వచ్చు. ఎవరింట్లో కష్టమొచ్చినా నలుగురం పోగవుతాం. ‘ఏం కాదులే’, ‘మనసు గట్టి చేసుకో’, ‘నీకన్నా కష్టపడేవాళ్ళు లోకంలో లేరా’, ‘పిల్లల మొహం చూసైనా లే’ అని తలో మాటా అంటాం. ఆ మాటల వెనక ప్రేమే ఉంటుంది. అయితే మనసు జబ్బుపడ్డ మనిషికి ఆ ప్రేమ చేరాలంటే అంతకు ముందే జరగాల్సిన పని ఒకటుంది. అతనికేమవుతోందో అడగాలి. అడిగాక, అతను చెప్పేది చివరిదాకా వినాలి. వినడానికి ఇది చాలా చిన్న సంగతే. కానీ నాకు అది శిక్షణ తీసుకుంటేగానీ పట్టుబడలేదు.

నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఇంటర్ ఫలితాలొచ్చే రోజంటే మాలో చాలామందికి గుబులే. ఎవరికెన్ని మార్కులొచ్చాయన్నది తర్వాత సంగతి. ముందు, ఎవరు ఫోన్ ఎత్తడం లేదో చూసుకుంటాం. ఆ గుబులే నన్ను మానసిక సమస్యలకు ప్రథమ చికిత్స నేర్పే తరగతికి తీసుకెళ్ళింది.

ఈ శిక్షణ పుట్టింది ఆస్ట్రేలియాలో. నర్సుగా పనిచేసిన బెట్టీ కిచెనర్, మానసిక ఆరోగ్యంపై పరిశోధనలు చేసే ఆమె భర్త ఆంథొనీ జోర్మ్ 2000 సంవత్సరంలో కాన్‌బెర్రాలో దీన్ని మొదలుపెట్టారు. కుంగుబాటు ఎలా ఉంటుందో కిచెనర్‌కు స్వయంగా తెలుసు. దెబ్బ తగిలితే కట్టు కట్టడం, గుండె ఆగితే ఛాతీ మీద నొక్కడం మామూలు జనానికి నేర్పుతున్నప్పుడు, మనసుకు కష్టమొచ్చిన మనిషిని డాక్టరు దాకా చేర్చడం ఎందుకు నేర్పకూడదన్నది వాళ్ళ ఆలోచన. ఆ పాఠం ఇప్పుడు ఇరవైకి పైగా దేశాల్లో నడుస్తోంది.

మనకు దాని అవసరం ఎంతో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే చెబుతుంది. దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు ప్రతి పదిమందిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని అది తేల్చింది. జబ్బు రకాన్ని బట్టి, చికిత్స అందనివాళ్ళు నూటికి 70 నుంచి 92 మంది దాకా ఉన్నారు. ఇంతమందికి డాక్టరు కన్నా ముందు ఎదురుపడేది ఎవరు? ఇంటివాళ్ళు, పక్కింటివాళ్ళు, టీచర్లు, హాస్టల్ వార్డెన్లు, ఆశా కార్యకర్తలు. అంటే మనమే.

తరగతిలో మాకు చెప్పిన దారి సూటిగా ఉంటుంది. మనిషి దగ్గరికి వెళ్ళి, ప్రాణానికి ప్రమాదముందేమో చూసుకోవాలి. తప్పు పట్టకుండా వినాలి. ఇది జబ్బేననీ, దీనికి చికిత్స ఉందనీ చెప్పాలి. డాక్టరు దగ్గరికి వెళ్ళేలా ఒప్పించాలి. ఇంట్లోవాళ్ళనీ స్నేహితులనీ తోడు చేయాలి. వీటిలో వినడమే అన్నిటికన్నా కష్టమని ఇద్దరిద్దరం కూర్చుని సాధన చేసినప్పుడు తెలిసింది. ఒకరు తమ బాధ చెప్పాలి, రెండోవాళ్ళు సలహా ఇవ్వకూడదు. రెండు నిమిషాలు గడవకముందే హాలంతా ‘అలా కాదండీ, మీరేం చేయాలంటే...’ అన్న మాటలతో నిండిపోయింది. పాఠాలు చెప్పి చెప్పి అలవాటైన నోళ్ళు మావి.

ఆ తర్వాత మాకు నేర్పుతున్న నర్సు ఒక ప్రశ్నను అందరిచేతా పైకి అనిపించారు. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అన్నదే ఆ ప్రశ్న. ‘అలాంటి ఆలోచనలేమైనా...’ అని ఒకాయన నసిగారు. ‘పిచ్చి పనులేం చెయ్యట్లేదు కదా’ అని ఇంకొకరు దాటేశారు. ఆమె ఒప్పుకోలేదు. ‘పిచ్చి పని అంటే లేదనే చెబుతారు. తిట్టినట్టుంటే ఎవరు ఔనంటారు?’ అని మళ్ళీ అనిపించారు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని మాలో చాలామందికి భయం. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదనీ, ఉన్న ఆలోచనను పైకి చెప్పుకునే వీలు దొరుకుతుందనీ పరిశోధనలు తేల్చాయని ఆమె చెప్పారు. ఆ హాల్లో అందరం ఆ ఒక్క వాక్యాన్ని గొంతు వణక్కుండా అనగలిగేదాకా మమ్మల్ని వదల్లేదు.

ఆ వాక్యం నాకు మా ఊళ్ళోనే అక్కరకొచ్చింది. మా బాబాయి పల్నాడులో కౌలుకు మిర్చి వేస్తాడు. ధర పడిపోయిన ఏడాది పిన్ని ఫోన్ చేసింది. ‘మీ బాబాయి మనిషిలా లేడమ్మా. పొలం మొహం చూడట్లేదు. కంచం ముందు కూర్చుంటాడు, లేచిపోతాడు’ అంది. వెళ్ళేసరికి ఆయన వసారాలో నులకమంచం మీద గోడకేసి చూస్తూ కూర్చునున్నాడు. కుశల ప్రశ్నలయ్యాక అన్నాను.

‘బాబాయ్, నెల రోజులై నువ్వు సరిగ్గా నిద్రపోవట్లేదట, తిండి కూడా తినట్లేదట. నాకు బెంగగా ఉంది. ఒక మాట సూటిగా అడుగుతాను. చచ్చిపోవాలని అనిపిస్తోందా?’

వంటింటి గుమ్మంలో పిన్ని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. చాలాసేపటికి, ‘తెల్లారగట్ల ఎక్కువగా అనిపిస్తది తల్లీ’ అన్నాడు. కుంగుబాటు తెల్లవారుజామునే ఎక్కువగా పీడించడం చాలామందిలో కనిపించే లక్షణమని తరగతిలో విని ఉన్నాను. అప్పుల గురించీ, షావుకారు మాటల గురించీ, ఎవరికీ మొహం చూపించలేకపోవడం గురించీ ఆయన ఆగి ఆగి చెబుతుంటే, మధ్యలో దూరకుండా కూర్చున్నాను. అప్పు ఎలా తీర్చాలో నాకు తెలియదు. ఆ సాయంత్రం నా పని అది కాదు కూడా.

చేయాల్సిన మొదటి పని పిన్నికి చెప్పాను. వసారాలో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ చీకటిపడేలోగా మా పెదనాన్న ఇంటికి చేరాయి, అక్కడ వాటిని పెట్టిన గదికి తాళం పడింది. ఇది అనుమానించడం కాదనీ, ప్రాణం కాపాడటమనీ బాబాయికి చెప్పే చేశాం. చావాలన్న తెగింపు చాలాసార్లు కాసేపే ఉంటుంది. ఆ కాసేపట్లో చేతికందేదేదీ లేకపోతే మనిషి బతికి బట్టకడతాడు. శ్రీలంక బాగా విషపూరితమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చింది. 1995 తర్వాత రెండు దశాబ్దాల్లో అక్కడ ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. పంట చేలున్న మన ప్రతి ఊరూ తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

ఆ రాత్రే 14416కు ఫోన్ చేశాం. 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ అది. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. మర్నాడు జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో డాక్టరు చూసి, డిప్రెషన్ అని చెప్పి మందులు రాశారు. ఇక్కడే ఇంటివాళ్ళకు ఓపిక కావాలి. ఈ మాత్రలు తలనొప్పి బిళ్ళలా గంటలో పనిచేయవు. గుణం కనిపించడానికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. వారం తిరక్కుండానే పిన్ని ‘మార్పేం లేదు, మానేద్దామా’ అంది. ఆంజనేయస్వామికి ప్రదక్షిణలు చేయిస్తానంది. ‘తప్పకుండా చేయించు పిన్నీ, మందు మాత్రం మానొద్దు’ అన్నాను. గుడీ మందూ ఒకదానికొకటి అడ్డం కావు. నమ్మకం కూడా మనిషికి ఆసరానే.

చాలా ఇళ్ళలో నోళ్ళు నొక్కేసేది పరువు ఒక్కటే కాదు, పోలీసు కేసు భయం కూడా. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. అతనికి చికిత్స, ఆసరా అందించే బాధ్యత ప్రభుత్వానిది. ఈ సంగతి తెలిస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఎవరూ వెనకాడరు.

మరికొన్ని మెలకువలూ మాకు నేర్పారు. ఒక్కసారిగా గుండె దడదడలాడి, ఊపిరి అందక, ప్రాణం పోతున్నట్టు భయపడే మనిషి పక్కన నింపాదిగా కూర్చుని, మెల్లగా ఊపిరి వదలమనాలి. అలా రావడం అదే మొదటిసారైతే, అది గుండెజబ్బు కాదని డాక్టరు చెప్పేదాకా మనంతట మనం నిర్ధారించుకోకూడదు. లేని గొంతులు వినబడుతున్నాయనే మనిషితో వాదనకు దిగొద్దు, మనకూ వినబడుతున్నట్టు నటించొద్దు. ‘అవి వినబడుతుంటే నీకు భయంగా ఉంటుంది కదూ’ అంటే చాలు. చచ్చిపోవాలనుకుంటున్నానని ఒక విద్యార్థి చెప్పి, ‘ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యండి మేడమ్’ అంటే ఒట్టు వేయకూడదు. ‘నీ ప్రాణం దక్కించుకోవడానికి ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెబుతాను, నీకు తెలిసేలాగే చెబుతాను’ అనాలి. అలాంటి పిల్లల్ని ఒంటరిగా వదిలిపెట్టకూడదు.

ఇవన్నీ నేర్చుకున్నంత మాత్రాన నేను డాక్టర్నయిపోలేదు. జబ్బుకు పేరు పెట్టడం నా పని కాదు, మందు చెప్పడం అంతకన్నా కాదు. అవతలివాళ్ళ బరువంతా నా నెత్తినే వేసుకోకూడదని కూడా ఆ తరగతిలోనే చెప్పారు. అలాంటి మాటలు విన్న రోజున నేనూ నమ్మకమైన ఒకరితో మాట్లాడుకుంటాను. ప్రథమ చికిత్స చేసేవాళ్ళ పని వైద్యుడి చేతికి అప్పగించేదాకానే. కానీ ఆ అప్పగింత జరగకపోతే ఆసుపత్రి ఎంత పెద్దదైనా ఆ మనిషికి ఒరిగేదేం లేదు.

బాబాయి ఇప్పుడు పొలం వెళ్తున్నాడు. అప్పు ఇంకా తీరలేదు. మందులు వాడుతున్నాడు, నెలనెలా పిన్నే వెంటపెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్తోంది.

ఇది చదువుతున్న మీకు ఒక్క మనవి. మీ ఇంట్లోనో వీధిలోనో తరగతిలోనో, తిండీ నిద్రా తగ్గి, నలుగురిలోకీ రావడం మానేసి, తమ వస్తువులు వాళ్ళకీ వీళ్ళకీ పంచేస్తున్నవాళ్ళో, ఇక సెలవన్నట్టు మాట్లాడుతున్నవాళ్ళో కనిపిస్తే దగ్గరికి వెళ్ళి కూర్చోండి. సూటిగా అడగండి. ఔనంటే బెదిరిపోకండి, తిట్టకండి, ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేయండి. ప్రాణం మీదికొస్తే 108కి చేయండి. ధైర్యం తర్వాత చెబుదురుగాని, ముందు అడగండి.