నడకబండి, తప్పటడుగులు

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో వడ్రంగులు చేసే మూడు చక్రాల కొయ్య నడకబండిని పట్టుకొని నిలబడిన బిడ్డ, తన బరువును తానే మోస్తూ, బండి జారినప్పుడల్లా నిలదొక్కుకుంటుంది కనుక, కాళ్లతోపాటు శరీరపు సమతూకాన్ని సరిదిద్దే చిన్నమెదడుకు, అంటే తల వెనుక దిగువన ఉండే భాగానికి, కూడా సాధన దొరుకుతుంది. బిడ్డను మధ్యలో కూర్చోబెట్టే ప్లాస్టిక్ వాకర్‌లో ఈ శ్రమ తక్కువ. ప్రమాదాల కారణంగా కెనడా 2004లో దాన్ని నిషేధించింది కూడా.

భారత్ సహా 5 దేశాల పిల్లలను పరిశీలించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, ఆసరా లేని నడక 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు కాబట్టి, పక్కింటి బిడ్డతో పోలిక (అరుగుల మీద తరగని కబురు ఇదే) శాస్త్రానికి నిలవదు. నడక వచ్చాక చేతులు ఖాళీ అయిన బిడ్డ దూరపు వస్తువును తెచ్చి చూపుతుంది, పెద్దలు దాని పేరు చెబుతారు, మాటలు పెరుగుతాయి.