చింతచెట్టు మీద రంగుల తారలు!

ఔట్‌డోర్ షూటింగ్ చూడ్డానికి వెళ్ళిన వాళ్ళందరికీ ఒక సంగతి తెలుసు. తాడు కట్టిన చోట ఆగిపోవాలి. దాటి ఒక్క అడుగు వేశామంటే ప్రొడక్షన్ వాళ్ళు కసురుకుంటారు. ఎండలో మూడు గంటలు నిలబడి, ఒకళ్ళ భుజాల మీంచి ఒకళ్ళం తొంగి చూసి, చివరికి మనకి దక్కేదేమిటి? గొడుగు కింద కుర్చీలో కూర్చుని కొబ్బరినీళ్ళు తాగుతున్న హీరోయిన్ గారి వీపు!

నేను చెప్పబోయే తారల దగ్గర ఆ బాధలేం లేవు. తాడు లేదు, గూర్ఖా లేడు, టిక్కెట్టూ లేదు. ఊళ్ళో చింతచెట్టు కింద నిలబడి తలెత్తితే చాలు, నెత్తి మీదే దర్శనం. తాడు లేకపోవడం వల్లే వచ్చింది చిక్కంతా!

హిందూపురం పేరు చెప్పగానే మన పాఠకులకి ఎన్.టి.ఆర్. గారే గుర్తొస్తారు. 1985, 1989, 1994... మూడు ఎన్నికల్లోనూ అక్కడ గెలిచారాయన. 2014 నుంచి బాలకృష్ణ గారు. ఇంత సినిమా సంబంధం ఉన్న ఊరికి గంట ప్రయాణం కూడా లేని దూరంలో, చిలమత్తూరు మండలంలో, వీరాపురం అనే పల్లె ఉంది. ఒకప్పుడు అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక శ్రీ సత్యసాయి జిల్లా. సంక్రాంతి సమయానికి ఆ ఊరి చింతచెట్ల మీదికి పెద్ద పెద్ద కొంగలు దిగడం మొదలవుతుంది. ఇక ఆషాఢ శ్రావణాల దాకా అక్కడే కాపురం. ఆర్నెల్ల కాల్షీటన్నమాట!

వీటి మేకప్ చూడాలండీ. తెల్లటి ఒళ్ళు, రొమ్ము మీద నల్లటి పట్టీ, బోడితలకి నారింజరంగు, చివర కాస్త కిందికి వంగిన పొడుగాటి పసుపుపచ్చ ముక్కు. ఇవన్నీ ఒక ఎత్తు... వెనక రెక్కల చివర గులాబీరంగు కుచ్చు ఒక ఎత్తు. ధర్మవరం చీరకి అంచు వేసినట్టు ఉంటుంది. నిలబడితే మూడడుగుల పైన. రెక్కలు చాస్తే ఈ కొస నుంచి ఆ కొసకి ఒకటిన్నర మీటరు. ఇంగ్లీషులో పెయింటెడ్ స్టార్క్ అంటారు. పేరు పెట్టినవాడెవడో గానీ కళ్ళున్నవాడు.

ఊళ్ళో ఎవర్నడిగినా 'సైబీరియా కొంగలండీ' అంటారు. పేపర్లలోనూ చాలాసార్లు అలాగే వచ్చింది. కాదు! సైబీరియా నుంచి మన దేశానికి వచ్చే తెల్ల కొంగలు వేరే ఉండేవి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో 2002లో కనిపించిందే ఆఖరు. మళ్ళీ రాలేదు. మన రంగుల కొంగలు మాత్రం అచ్చమైన దేశవాళీ సరుకు. నీళ్ళూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి, ఈ దక్షిణాది చెరువుల మధ్యే తిరుగుతూ ఉంటాయి. ఫారిన్ నుంచి వచ్చిందంటేనే గొప్ప అనుకునే జబ్బు మనకి సినిమా పాటల దగ్గరే కాదు, పిట్టల దగ్గర కూడా ఉందన్నమాట!

వేట కూడా తమాషాగానే ఉంటుంది. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ముక్కు సగం తెరిచి నీళ్ళలో ముంచి, అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది. కంటికి కనిపించక్కర్లేదు. చేప ముక్కుకి తగిలిందా, టపీమని మూసేస్తుంది. అరవడం మాత్రం చేతకాదు. పెద్ద కొంగకి గొంతు లేదనే చెప్పాలి. ముక్కులు టకటకలాడించడమే దాని మాట. చెట్టు మీద నుంచి వినిపించే గోలంతా పిల్లలది!

ఇంక అసలు విషయం.

మొన్న వేసవిలో నేను అక్కడున్న పూట, మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. రెండు మోటారుసైకిళ్ళ మీద నలుగురు కుర్రాళ్ళు దిగారు. చక్కటి కుర్రాళ్ళే, మర్యాదస్తులే. ఒకడు సెల్‌ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు, ఇంకొకడు చెట్టు కింద నడిచి రావాలి, ఆ టైములో కొంగలన్నీ ఒక్కసారి లేచిపోవాలి. స్లోమోషన్ షాటు! అందుకని మిగతా ఇద్దరూ చప్పట్లు కొట్టి కేకలేశారు. నిజం చెప్పాలి కదా, షాటు అద్భుతంగానే వచ్చుంటుంది. పాతిక ముప్ఫై కొంగలు ఒక్క విసురున లేస్తే ఆకాశం గులాబీరంగయింది.

ఎదురింటి అరుగు మీద వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న ముసలమ్మ చేట పక్కన పెట్టి లేచింది.

"ఏమప్పా, మీ ఇండ్లల్లో బాలింతరాలుంటే ఇట్లే చప్పట్లు కొడతారా?"

"ఏం చెయ్యలేదు అవ్వా, ఊరికే వీడియో తీసుకుంటున్నాం."

"తీసుకోండి, వద్దన్నెవరు? అవి మీ కోసరం వచ్చినాయా? పుట్టింటికి కానుపుకొచ్చినాయి. అట్ల దూరంగా నిలబడి చూడండి నాయనా, మీకు పున్నెముంటుంది."

కుర్రాళ్ళ మొహాలు చిన్నబోయాయి. ఒకడు సారీ అవ్వా అన్నాడు. ఆవిడ అప్పటికే చేట అందుకుంది.

అవ్వ మాటని సెంటిమెంటు కింద కొట్టెయ్యకండి. దాని వెనక లెక్క ఉంది. ఈ కొంగ గూడు అంటే నాలుగు పుల్లలు పేర్చిన తట్ట. పైన కప్పు లేదు. రెండు నుంచి అయిదు దాకా గుడ్లు పెడుతుంది; పొదగడానికి ఓ నెల పడుతుంది. పిల్లలు రెక్కలొచ్చి ఎగరడానికి ఇంకో రెండు నెలలు. ఆ మూడు నెలలూ మన రాయలసీమ ఎండలు! ఈకలు సరిగా రాని పిల్లకి ఆ ఎండ తట్టుకునే శక్తి లేదు. అందుకని తల్లో తండ్రో గూటి అంచున నిలబడి, రెక్కలు విప్పి, ఎండకి అడ్డంగా గొడుగు పడుతుంది. చెరువులో నీళ్ళు మింగి తెచ్చి పిల్లల నోట్లో, ఒంటి మీదా కక్కుతుంది. ఇప్పుడు చెప్పండి... ఒంటిగంట ఎండలో ఆ గొడుగుని చప్పట్లు కొట్టి లేపేస్తే? అది మళ్ళీ వచ్చి వాలడానికి పట్టే సమయంలో కింద గూట్లో పిల్లలు వేగిపోతాయి. పక్క కొమ్మ మీద కాకి కాచుకునే ఉంటుంది. కోతులొస్తే సరేసరి. ఒక్క షాటుకి ఒక గూడు ఖర్చు! టేకులు రెండు మూడైతే మీరే లెక్క వేసుకోండి.

అందుకని అక్కడికి వెళ్ళాలనుకుంటే (వెళ్ళమనే నా సలహా, దాచుకోవాల్సిన ఊరు కాదది) పొద్దున్నే వెళ్ళండి, లేదా సాయంత్రం వెళ్ళండి. ఎండ లేని వేళ కాబట్టి వాటికీ మంచిదే, మన ఫోటోలకీ మంచిదే. చేపలు తెచ్చే కొంగల రాకపోకలు కూడా బాగా కనిపిస్తాయి. బండి ఊరి బయట ఆపి నడిచి రండి. చెట్టు మొదట్లో కాకుండా ఎదురుగా ఏదైనా అరుగు మీద, ఇంటివాళ్ళని అడిగి, కూర్చోండి. పావుగంట కదలకుండా ఉంటే మిమ్మల్ని మర్చిపోయి వాటి పని అవి చేసుకుంటాయి. ఆ తర్వాతే అసలు సినిమా మొదలు! డబ్బు పోసి పెద్ద కెమెరా కొననక్కర్లేదు, ఓ మోస్తరు బైనాక్యులర్స్ ఉంటే చాలు. డ్రోన్ మాత్రం వద్దే వద్దు, గద్ద వచ్చిందనుకుని హడలిపోతాయి. కింద పడిన పిల్ల కనిపిస్తే ఎత్తుకుని సెల్ఫీ దిగకండి. ఊరివాళ్ళకి చెప్పండి, వాళ్ళకి ఇది కొత్త కాదు. రెట్ట మీద పడితే మాత్రం నన్ను తిట్టకండి. చేపల వాసన ఊరంతా ఉంటుంది. పెళ్ళికెళ్ళే చొక్కా వేసుకుని రమ్మని నేను చెప్పలేదు.

ఆ వాసనా, ఆ రెట్టా ఊరివాళ్ళు ఆర్నెల్లు భరిస్తున్నారు. చెట్టు కొట్టేస్తే చింతకాయలూ పోతాయి గానీ కట్టెలైనా వస్తాయి, ఇల్లూ శుభ్రంగా ఉంటుంది. అయినా కొట్టరు. కొంగలొస్తే వానలొస్తాయని వాళ్ళ నమ్మకం. అనంతపురం సీమలో సాలు మొత్తానికి పడేదే 550 మిల్లీమీటర్ల చిల్లర వాన. చెరువులో నీళ్ళు లేని ఏడు చేపలుండవు, చేపల్లేని ఏడు కొంగ గూడు కట్టదు. నమ్మకం తలకిందులుగా ఉందేమో గానీ రెండింటికీ ముడి ఉన్న మాట నిజం. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ఈ పక్షుల్ని కాపాడుతుంది, నిజమే. కానీ ఆ చట్టం పుస్తకం ఆ అవ్వ చదవలేదు కదా!

కర్ణాటకలో మద్దూరు దగ్గర కొక్కరె బెళ్ళూరు అనే ఊరూ ఇలాంటిదే. అక్కడ ఈ కొంగలతో బాటు గూడబాతులు కూడా ఇళ్ళ మధ్య చెట్ల మీదే గూళ్ళు కడతాయి. 2007లో ఆ ఊరిని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించారు. ఇంకా దూరం పోతే, గ్రీసు దేశంలో జకింథోస్ అని ఒక ద్వీపం. హనీమూన్ జంటలూ, నీలిసముద్రం... మన డ్యూయెట్లకి చక్కగా పనికొచ్చే చోటు. ఆ బీచిల్లోనే సముద్రపు తాబేళ్ళు రాత్రిపూట వచ్చి గుడ్లు పెడతాయి. హోటళ్ళ దీపాల వెలుతురుకి తాబేలు పిల్లలు సముద్రం అనుకుని ఊరివైపు నడిచి చచ్చిపోతుంటే, 1999లో నేషనల్ మెరైన్ పార్కు పెట్టి, పొద్దుగూకాక ఆ బీచిల్లోకి మనుషుల్ని రానివ్వకుండా చేశారు. మన విశాఖ ఇసకలోనూ ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. బీచికి టార్చిలైటు పట్టుకుని వెళ్ళే వీరులు ఈ సంగతి ఓసారి గుర్తు చేసుకుంటే బాగుండు.

వీరాపురం వెళ్ళినవాళ్ళు లేపాక్షి చూడకుండా రారు కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను. ఆ ఊరి పేరులోనే పక్షి ఉంది. రావణుడు రెక్కలు నరికితే పడిపోయిన జటాయువుని రాముడు 'లే పక్షీ' అన్నాడని జనం చెప్పుకునే కథ. విజయనగర కాలంలో, 16వ శతాబ్దంలో కట్టిన వీరభద్రాలయం, ఏకశిలా నంది... అన్నీ తీరిగ్గా చూడండి. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చడం అయ్యాక కప్పు మీది బొమ్మల్లో కిరాతార్జునీయం వెతకండి. శివుడూ అర్జునుడూ ఒక్క పందిని ఇద్దరూ కొట్టి, నాదంటే నాదని తగువాడుకున్న కథ!

పెనుకొండ సంగతి వేరు. 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగరం రాజులు కాపురం మార్చిన కొండ ఇది. కింద గగన్ మహల్, పైన కోట. ఊరి చివర ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఈ రాతికొండల్లో ఎలుగుబంట్లుంటాయి. అవి కనిపించాలని కోరుకోకండి, కనిపిస్తే ఫోటో అన్న మాట మర్చిపోండి. చీకటి పడ్డాక బండి దీపాలతో వెతుక్కుంటూ తిరగడం సాహసం కాదు, తలతిక్క. పొద్దున పూట బండల మధ్య పొదల్లో చెవి పెట్టండి చాలు. పసుపు గొంతు పిగిలిపిట్ట అని ఒకటుంది, ఇలాంటి దక్షిణాది రాతికొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా బతకదు. తల పసుపు, గొంతు పసుపు, మహా సిగ్గరి. సెల్‌ఫోన్లో దాని కూత వినిపించి బయటికి రప్పించే వాళ్ళున్నారు. పోటీదారు వచ్చాడనుకుని మేత మానేసి అది పరిగెత్తుకొస్తుంది పాపం. ఆ మోసం చెయ్యకండి.

ధర్మవరంలో నేను చూసింది మగ్గాలూ, రైళ్ళ కోసం ఎదురుచూసే జనమూ. చెరువు పెద్దది. నీళ్ళున్న ఏడు గట్టు మీద నడిస్తే కొంగలూ నీటికోళ్ళూ కనిపిస్తాయి. పట్టుచీర కొనే ఉద్దేశం లేకపోతే అంతకు మించి ఆగనక్కర్లేదు.

బెంగుళూరు మీదుగా తిరిగి వెళ్ళేవాళ్ళకి మాత్రం ఇంకొక్క చోటు చెబుతాను. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం... మూడూ ఒకే రైలు దారిలో ఉన్నాయి. ఆ దారే బెంగుళూరు చేరుస్తుంది. అక్కణ్ణించి మైసూరు వైపు రామనగరం. 1975లో వచ్చిన 'షోలే' తీసిన కొండలు! గబ్బర్‌సింగ్ డెన్ చూద్దామని వెళ్ళే అభిమానుల్లో ఎంతమంది తలెత్తి చూస్తారో తెలీదు. ఆ బండల మీదే రాబందులుంటాయి. పశువుల నొప్పికి వాడే డైక్లోఫినాక్ మందు, చచ్చిన గొడ్డు మాంసంతో బాటు రాబందుల కడుపులోకి వెళ్ళి మూత్రపిండాలు పాడై, దేశమంతటా నూటికి తొంభై అయిదు పైగా పోయాయి. 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు. 2012లో అక్కడి రామదేవర బెట్టని రాబందుల అభయారణ్యం చేశారు. డైలాగులు కొండ కింద చెప్పుకోండి, పైకి మాత్రం నోరు మూసుకుని ఎక్కండి. బండ అంచున కూర్చున్న ఆ పక్షి ఏడాదికి పెట్టేది ఒకే ఒక్క గుడ్డు.